న్యూట్రల్‌కు పెంచల్ చెప్పిన అర్థం

కావలిలో అద్దాల పని చేసే పెంచల్ ఎక్కడుంటాడని అడిగితే, ఏ పెంచల్ అని ఎదురు అడుగుతారు. ఆ పేరు వీధికొకటి ఉంటుంది. న్యూట్రల్ పెంచల్ అంటే మాత్రం ఎవరో ఒకరు చేతిలో పని పక్కన పెట్టి దారి చూపిస్తారు.

ఆ పేరు పెట్టింది హార్డువేరు కొట్టు కామాక్షయ్య. ఎనిమిదేళ్ళ కిందటి మాట. అప్పట్లో ఆ చుట్టుపక్కల సిలికాన్ అంటే ఒకటే రకం. గొట్టం ముక్కు కోసి గన్నులో పెట్టి నొక్కితే పుల్లటి ఘాటు వచ్చి కళ్ళలో నీళ్ళు తిరగాలి. ఘాటు ఎంత ఉంటే సరుకు అంత అసలుదని ఇంటివాళ్ళ నమ్మకం. పనివాళ్ళకూ అదే నమ్మకం. మద్రాసు నుంచి వచ్చిన పెంచల్ ఒక ఇంట్లో కిటికీ అద్దాలకు వాసన లేని సిలికాన్ వాడేసరికి, ఆ ఇంటాయన గొట్టం పట్టుకొని కామాక్షయ్య కొట్టుకొచ్చి, డూప్లికేటు సరుకు అంటగట్టారని గొడవ పెట్టుకున్నాడు. పెంచల్ అక్కడే ఓపికగా చెప్పాడు. పుల్ల వాసన వచ్చేదాంట్లో ఆమ్లం ఉంటుంది. అది సిమెంటును పట్టుకోదు, ఏడాది తిరక్కముందే పొరలా లేచొస్తుంది. అద్దాల వెనక పూత నల్లబడుతుంది. ఇనుమును అసలే ఉప్పుగాలి తింటోంది, ఇది కూడా తోడై తింటుంది. తను వాడింది న్యూట్రల్, దేన్నీ ఏమీ చెయ్యదు, గాజునూ సిమెంటునూ రెండింటినీ పట్టుకుంటుంది.

అంతా విని కామాక్షయ్య, "న్యూట్రల్ అంటే ఏందబ్బా, గేరు పడలేదనా?" అన్నాడు. కొట్టులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. ఆ సాయంత్రానికే పెంచల్ న్యూట్రల్ పెంచల్ అయిపోయాడు.

అతనికి కోపం రాలేదు. రెండేళ్ళ తర్వాత ఆ పేరునే స్కూటరు ముందు రంగుతో రాయించుకున్నాడు. కావలికి పడమట మెట్టలో ఊరివాళ్ళ గొడ్లు కాసే ఇంట్లో పుట్టి, పదోతరగతి ఇంగ్లీషులో ఆరు మార్కులకు తప్పి, అంబత్తూరులో గాజు కొట్టులో చేరినవాడు అతను. అక్కడి మేస్త్రీకి గొట్టం రంగు తెలుసు, గొట్టం మీద ఏం రాసుందో తెలియదు. తెలుసుకోవాలని కూడా ఆయనకు లేదు. పెంచల్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు తెలుగు నిఘంటువు ఒకటి కొని, ఖాళీ గొట్టాలను ముందర పెట్టుకొని, ఒక్కో మాటకూ అర్థం వెతికి నోటుబుక్కులో రాసుకున్నాడు. మాట, దాని అర్థం, పక్కన తేదీ. అట్లా మూడు నోటుబుక్కులు నిండాయి. ఇంజనీరని బోర్డు పెట్టుకున్నవాళ్ళు ఒక్కరు కూడా ఆ గొట్టాన్ని తిప్పి చూడరని అతనికి తెలిసినప్పుడు కడుపు మండింది. ఆ మంటలో కొంచెం సుఖం కూడా ఉండేది. చదువుకున్నవాళ్ళకు తెలియనిది తనకు తెలుసు.

మొదటి నోటుబుక్కు మొదటి పేజీలోనే ఉంటుంది ఆ మాట. న్యూట్రల్: ఏ పక్షమూ లేనిది, ఏ గుణమూ చూపనిది, తటస్థము.

ఈ ఏడు జనవరిలో జువ్వలదిన్నె అవతల ఇసకలో ఉన్న ఒక రొయ్యపిల్లల హేచరీ నుంచి పిలుపొచ్చింది. యజమాని ఆనందబాబు. సీడు, అంటే రొయ్యపిల్లలు, కొనడానికి వచ్చేవాళ్ళు వాటిని కళ్ళారా చూసేటట్టు నాలుగు సిమెంటు తొట్ల గోడలకూ కిటికీలాంటి అద్దాలు పెట్టించాలని ఆయనకు పుట్టింది. అంతకుముందు ఎవరో ఒక తొట్టికి పెట్టి చూశారు. పుల్ల సిలికాన్ సిమెంటు నుంచి ఊడి నీళ్ళు కారిపోయాయి. పెంచల్ ఆ పాత అతుకును వేళ్ళతో పట్టుకొని లాగితే నాలుగడుగులు ఒకే ముక్కగా వచ్చింది. దాన్ని ఆనందబాబు ముందు ఊపి చూపించాడు. ఆ రోజు అతని సంతోషం అంతా ఇంతా కాదు.

తొట్ల పని చూసే మనిషి తిమోతి. వాకాడు వైపువాడు, ముప్పై ఏళ్ళుంటాయి. పెద్ద చదువు లేదు, పదిహేనేళ్ళుగా హేచరీల్లోనే పెరిగి పని నేర్చాడు. వెంట్రుకంత కూడా లేని పిల్లలను గ్లాసుతో ముంచి దీపానికి ఎదురుగా పట్టి చూసి, వీటికి ఆకలిగా ఉంది, వీటికి సుస్తీ చేసింది అని చెప్పగలడు. పెంచల్‌కు అతను నచ్చాడు. గన్ను ఎత్తే ముందు తిమోతి వచ్చి పక్కన కూర్చొని అడిగాడు.

"అన్నా, దీంట్లో మందేమన్నా ఉంటదా? సబ్బు చేత్తో నీళ్ళు ముట్టినా మా పిల్లలు చస్తాయి."

పెంచల్ గొట్టం మూత తీసి అతని ముక్కు దగ్గర పెట్టాడు. "వాసన జూడు. ఏమన్నా వస్తండాదా? న్యూట్రల్ అంటేనే ఏ గుణమూ లేనిదని అర్థం, అబ్బయా. నువ్వేం దిగులు పెట్టుకోబాక."

తిమోతి వాసన చూసి తల ఊపాడు. మళ్ళీ అడగలేదు.

పని అద్దంలా కుదిరింది. వారం రోజులు ఆరనిచ్చి, రెండుసార్లు కడిగి, తొట్లు నింపారు. ఫిబ్రవరిలో ఒక ఆదివారం పిల్లలను వదిలారు. మంగళవారానికి నాలుగు తొట్లలోనూ పిల్ల అడుక్కు చేరింది. నలభై లక్షలు. ఒక్కటి మిగల్లేదు.

ఆ సంగతి పెంచల్ కామాక్షయ్య కొట్టులోనే విన్నాడు. సముద్రపు నీళ్ళను అట్లాగే వాడరట, ముందు బ్లీచింగ్ కలిపి క్రిములను చంపుతారట, తర్వాత ఆ బ్లీచింగ్ ఘాటును ఇంకో మందుతో విరిచెయ్యాలట. దాన్ని హేచరీవాళ్ళు నీళ్ళు న్యూట్రల్ చెయ్యడం అంటారట. ఒక చుక్క రంగుమందు వేసి, నీళ్ళు పసుప్పచ్చగా మారకపోతేనే తొట్లోకి వదలాలట. తిమోతి ఆదివారం ఆరాధనకు పోయే తొందరలో చుక్క చూడకుండా వదిలేశాడని ఆనందబాబు అన్నాడు. చూశానని తిమోతి మొదట అన్నాడట. మూడోసారి గద్దించి అడిగేసరికి జ్ఞాపకం లేదన్నాడట. అదే రోజు పెట్టె సర్దుకొని పొమ్మన్నారు. తడ నుంచి ఒంగోలు దాకా హేచరీలన్నింటికీ ఆ కబురు ఫోన్లలో పాకిపోయింది.

కామాక్షయ్య పెంచల్ వైపు తిరిగి, "నువ్వన్నా పోయి న్యూట్రల్ చేసి రావాల్సిందబ్బా" అన్నాడు. పెంచల్ నవ్వాడు. నవ్వి, అంత మంది ముందు, చేసే పని మీద ధ్యాస లేనివాడికి అట్లాగే కావాలి అన్నాడు.

ఆ మాట తర్వాత ఎన్నిసార్లు అతని చెవుల్లో వినపడిందో లెక్కలేదు.

జూన్‌లో, బ్యాంకులో రిటైరైన మాలకొండమ్మగారి ఇంట్లో స్నానాలగదికి అద్దం తలుపు బిగిస్తున్నాడు. ఆమె గుమ్మంలో నిలబడి, పాత ఇంట్లో ఇట్లాంటి అతుకులన్నీ నల్లగా బూజు పట్టాయనీ, ఇది కూడా పడుతుందా అనీ అడిగింది. ఈ ప్రశ్నకు పెంచల్ దగ్గర తయారుగా ఉన్న జవాబు ఒకటుంది. అప్పటికి కొన్ని వందల ఇళ్ళల్లో చెప్పినదే. చెయ్యి ఆపకుండానే చెప్పాడు.

"పట్టదమ్మా. దీంట్లోనే బూజును జంపే మందు కలిపి..."

గన్ను ఆగింది. అతుకు మీద సిలికాన్ ముద్దగా పేరుకుంది. ఏమైందయ్యా అని ఆమె అడిగితే ఏమీ లేదమ్మా అని తుడిచి మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ రోజు ఆ తలుపు అతుకు వంకరగానే వచ్చింది. ఇంటికొచ్చి నోటుబుక్కు తీశాడు. రెండో పుస్తకంలో, పదేళ్ళ కిందటి అంబత్తూరు నాటి తేదీతో, తన చేతిరాతలోనే ఉంది. ఫంగిసైడ్: బూజు మందు. కింద గీత కూడా గీసి ఉంది. తర్వాత గొట్టాన్ని తిప్పి చివరి దాకా చదివాడు. ఏవేవి పట్టుకుంటుందో, ఎంతసేపు ఆరాలో, పిల్లలకు అందకుండా ఎక్కడ పెట్టాలో అన్నీ అయ్యాక, ఆఖరు వరసలో ఒక వాక్యం. చేపల తొట్లకూ, ప్రాణులుండే నీళ్ళ తొట్లకూ వాడరాదు. అందులో అతనికి తెలియని మాట ఒక్కటి కూడా లేదు. చదవకపోవడానికి అక్షరాలు మరీ చిన్నవి కూడా కావు. తనకు తెలుసనుకున్న గొట్టాన్ని ఎన్నడూ చివరిదాకా చదవలేదు, అంతే.

న్యూట్రల్ అన్నది అది ఆరేటప్పుడు ఏ రకంగా ఆరుతుందో చెప్పే మాట. లోపల ఇంకేం కలిపారో చెప్పే మాట కాదు. నిఘంటువు ఇచ్చిన అర్థాన్ని గొట్టానికంతటికీ తొడిగేసింది తనే. మందు ఉందా అని తిమోతి సూటిగా అడిగితే, ఉందని తెలిసిన నోటితోనే లేదని చెప్పాడు.

మరునాడే పోయి చెప్పాలనుకున్నాడు. పోలేదు. ఎవరు చూశారు, బ్లీచింగ్ కూడా మిగిలుందేమో అనుకున్నాడు. ఆనందబాబు అడిగితే కదా చెప్పడం అనుకున్నాడు. తిమోతి ఈపాటికి ఎక్కడో కుదురుకొనే ఉంటాడు, పాత గాయాన్ని కెలకడం ఎందుకనుకున్నాడు. ఇంకా లోపల ఇంకొకటి ఉంది, దాన్ని మాత్రం మాటల్లో పెట్టుకోలేదు. చదివి పనిచేసేవాడు అన్న పేరొక్కటే తనకున్నది. అది పోతే ఇరవై మందిలో ఒక పెంచల్ మిగులుతాడు. ఇంజనీర్ల మీద అన్నేళ్ళు పెంచుకున్న కచ్చ అంతా ఇప్పుడు ఎవరి మీద పెట్టుకోవాలో అతనికి తెలియలేదు. జులై పోయింది. ఆగస్టు పోయింది.

అతుకుకు అటూ ఇటూ కాగితం టేపు అంటించే పని అతని భార్య భానుప్రియది. టేపు తీస్తే గీత సన్నగా, తిన్నగా రావాలి. ఆ మధ్య టేపు తీసిన ప్రతిసారీ అడుగున గుల్లలు కనబడుతుంటే, కళ్ళు చూపించుకోమని రెండుసార్లు అంది. సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం అన్నం తింటూ అతను మొత్తం చెప్పేశాడు. ఆమె విని, పోయి చెప్పు అంది.

అతను స్కూటరేసుకొని ఆనందబాబు దగ్గరికి పోయాడు.

ఆనందబాబు అరవలేదు. అరిస్తే బాగుండేదని పెంచల్‌కు అనిపించింది. అద్దాలున్న తొట్లు అప్పటికే పగలగొట్టించి ఫైబరు తొట్లు పెట్టించాడు. తిమోతిని మళ్ళీ పిలవమని పెంచల్ అడిగితే ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"ఇప్పుడు వాణ్ణి పిలిస్తే నేను ఊరికే గెంటేసినానని అర్థం గాదా? జరిగిందేదో జరిగింది. నీకూ మంచిది గాదు, నాకూ మంచిది గాదు. నోరు మూసుకొని నీ పని నువ్వు జూసుకో."

పెంచల్ లేచి పోతుంటే, ఆఫీసుగదికి అద్దాల పార్టిషను పెట్టాలి, వచ్చి కొలతలు తీసుకోమని కూడా అన్నాడు. పెంచల్ సరేనండి అన్నాడు. ఆ సరే నోట్లోంచి వచ్చాక గానీ తను దేనికి ఒప్పుకున్నాడో అతనికి తెలియలేదు.

ఇంటికొచ్చి, చెప్పేసి వచ్చానన్నాడు. ఏమన్నాడని భానుప్రియ అడిగింది. ఆనందబాబు అన్నదంతా చెప్పాడు. ఆమె టేపు చుట్ట పక్కన పెట్టింది.

"నేను చెప్పమన్నది ఆయనకి గాదు."

తిమోతి వాకాడు దగ్గర సొంత ఊళ్ళోనే ఉన్నాడని హేచరీ వాచ్‌మన్ ద్వారా తెలిసింది. ఫోను నంబరు కూడా దొరికింది గానీ, అది ఫోనులో చెప్పే మాట కాదనుకున్నాడు. శనివారం తెల్లవారి బయలుదేరి గూడూరులో దిగి, వాకాడు బస్సెక్కి, వరిపొలాల మధ్య రెండు మైళ్ళు నడిచాడు. సంచిలో గొట్టం ఒకటి, నోటుబుక్కు ఒకటి. రేకుల ఇంటి ముందు తిమోతి భార్య ఫేబీ చేటలో బియ్యం చెరుగుతోంది. కావలి నుంచి వచ్చానని, హేచరీలో అద్దాలు పెట్టింది తనేనని చెప్పేసరికి ఆమె గబగబా లేచి కుర్చీ వేసింది. చెంబుతో నీళ్ళు తెచ్చింది. మళ్ళీ రమ్మన్నారా అన్నా అని అడిగింది. పెంచల్‌కు చెంబు ఎత్తడం చేతకాలేదు.

తిమోతి ఎవరిదో రొయ్యల చెరువు దగ్గర మేత చల్లే పనికి పోతున్నాడు. వచ్చే వేళయిందని ఆమె చెప్పింది. చెబుతూ, ఆగలేక, మిగతాది కూడా చెప్పింది. ఆరాధనకు పోవడం మానేశాడు. చర్చిలో గంట కొడితే చెరువు గట్టుకు పోయి కూర్చుంటాడు. ఆ ఆదివారం చుక్క చూశానంటాడు, గంటకల్లా చూడలేదేమో అంటాడు. దేవుడి దగ్గరికి పోవాలనే తొందరలో అన్ని ప్రాణాలు చంపానంటాడు. నిద్రలో కూడా ఏదో గాజు గొట్టం ఎత్తి చూస్తున్నట్టు చెయ్యి పైకి లేపుతాడు.

తిమోతి సైకిలు మీద వచ్చాడు. బట్టలంతా మేత వాసన. పెంచల్‌ను గుర్తుపట్టి నవ్వాడు, బాగున్నావా అన్నా అన్నాడు. పెంచల్ కూర్చోకుండానే చెప్పాడు. దోవ పొడుగునా కూర్చుకున్న మాటలేవీ రాలేదు. గొట్టం తీసి ఆఖరు వరస మీద వేలు పెట్టాడు. నోటుబుక్కు తెరిచి గీత గీసిన మాట చూపించాడు. తిమోతి చేతులు లుంగీకి తుడుచుకొని గొట్టం అందుకొన్నాడు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. చాలాసేపు పట్టింది.

"అయితే నీళ్ళు బాగానే ఉన్నాయా?"

"నీళ్ళు బాగానే ఉన్నాయి."

"చుక్క నేను జూసినా."

"జూసినావు, తిమోతీ."

ఫేబీ గోడ వైపు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిమోతి అరుగు మీద కూర్చున్నాడు. అతని ముఖం ఒక్కసారిగా చిన్నపిల్లవాడి ముఖంలా అయింది. పెంచల్‌కు ఒక క్షణం, తను వచ్చిన పని అయిపోయినట్టే అనిపించింది. అంత తేలిగ్గా అయిపోతుందని అతను అనుకోలేదు.

"ఇది నీకెప్పుడు తెలిసింది?" అని తిమోతి అడిగాడు.

పోయిన వారం అనొచ్చు. ఎవరూ కనిపెట్టలేరు. ఆ మాట నాలుక మీదికి వచ్చి నిలబడింది కూడా.

"జూన్‌లో."

తిమోతి వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టుకున్నాడు. ఆ తర్వాత మాట్లాడిన గొంతు వేరుగా ఉంది.

"జులైలో ఈడ హేచరీవాళ్ళు నన్ను పిలిచినారన్నా. సంగతి తెలిసి కూడా ఇంటికొచ్చి పిలిచినారు. నేనే పోలేదు. నా చేతి మీద నాకే నమ్మకం లేదు, నన్ను పెట్టుకోబాకండి అని చెప్పినా."

జనవరిలో జరిగినదాన్ని పొరపాటనొచ్చు. జులైలో జరిగినదానికి అతని దగ్గర ఏ పేరూ లేదు. తన్ని తగలేస్తే బాగుండునని నిలబడ్డాడు. తిమోతి తన్నలేదు. లేచి, పెంచల్ చేతిలోని నోటుబుక్కు తీసుకొని, వెనక నుంచి తెల్లకాగితం ఒకటి చింపి అతని ముందర పెట్టాడు.

"రాయి. నువ్వు రాసేవాడివి గదా."

పెంచల్ కుర్చీ మీద కాగితం పెట్టి నేల మీద గొంతుక్కూర్చొని రాశాడు. తన పేరు, ఊరు, ఫలానా హేచరీలో నాలుగు తొట్లకు అద్దాలు పెట్టింది తనే. వాడిన సిలికాన్‌లో బూజు మందు ఉంది. ప్రాణులుండే తొట్లకు వాడకూడదని గొట్టం మీదే ఉంది. నీళ్ళలో తప్పు లేదు. తిమోతి తప్పు ఏమీ లేదు. సంతకం పెట్టి ఇచ్చాడు. తిమోతి రెండుసార్లు చదివి వెనక్కిచ్చాడు.

"జూన్ రాయలేదు."

పెంచల్ మళ్ళీ కలం తీశాడు. ఈ సంగతి నాకు జూన్ నెలలోనే తెలిసింది, సెప్టెంబరు దాకా చెప్పకుండా దాచాను అని సంతకం కింద రాసి, దాని కింద మళ్ళీ సంతకం చేశాడు. ఫోను నంబరు కూడా వెయ్యమంటే వేశాడు.

తిమోతి ఆ కాగితాన్నీ, గొట్టం ఆఖరు వరసనూ ఫోనులో ఫోటో తీశాడు. హేచరీల్లో పనిచేసేవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది, మూడు వందల మంది. ఫిబ్రవరి నుంచి అందులో అతను ఒక్క మాట పెట్టలేదు. ఫోటోలు రెండూ పెట్టాడు. పైన ఏమీ రాయలేదు. తర్వాత కాగితాన్ని మడిచి ఫేబీ చేతికిచ్చి, మేతకు టైమయిందని సైకిలెక్కాడు. పెంచల్‌ను ఉండమనలేదు, పొమ్మనలేదు. అతను గట్టు మీద పోతుంటే ఫేబీ ఆ కాగితాన్ని రెండు చేతుల్తో పట్టుకొని చూస్తూ నిలబడింది. కాసేపటికి, మూడున్నరకు బస్సుందని చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

బస్సు గూడూరు చేరకముందే ఫోను మోగడం మొదలైంది. తెలియని నంబర్లు. మొదటివాడు ఇది నిజమా అని అడిగాడు. రెండోవాడు బూతులు తిట్టాడు. పెంచల్ మధ్యలో పెట్టెయ్యకుండా చివరిదాకా విన్నాడు. ఆ తర్వాత ఆనందబాబు పేరు తెర మీద కనబడింది. ఆ ఫోనూ ఎత్తాడు. పార్టిషను సంగతి మర్చిపొమ్మని, ఇక కావలిలో ఎవడు పని ఇస్తాడో చూస్తానని ఆయన అంటుంటే, నేనే రాశానండీ, సంతకం నాదేనండీ అని రెండుసార్లు చెప్పాడు. పక్క సీటాయన జరిగి కిటికీ వైపు కూర్చున్నాడు.

గూడూరులో బస్సు మారాక, నెల్లూరు దగ్గర ఇంకో ఫోను వచ్చింది. రామాయపట్నం వైపు కొత్తగా హేచరీ కడుతున్నవాళ్ళు. గొంతులో కోపం లేదు. మా తొట్లకు కూడా అతుకులు నింపించాలి, మరి ఏది వాడాలో నువ్వే చెప్పు అని అడిగారు. పెంచల్‌కు జవాబు తెలుసుననే అనిపించింది. నోరు తెరిచి, ఆపుకొన్నాడు.

"నాకు తెలీదండీ. వాకాడు కాడ తిమోతని ఉండాడు. ఆయన్ని అడగండి."

నంబరు చెప్పమన్నారు. బస్సు మోతలో వినపడక అవతలివాళ్ళు ప్రతి అంకెనూ మళ్ళీ మళ్ళీ అడిగారు. పెంచల్ లేచి, డ్రైవరు వెనక కడ్డీ పట్టుకొని నిలబడి, ఒక్కో అంకెనూ గట్టిగా చెప్పాడు.